ఒక్కపూట నోరు మూసుకున్న గోడలు

“నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు” అని మొదలయ్యే అనుభవాలు చదివితే నాకు ఒళ్లు మండుతుంది. నమ్మనివాళ్లను వెతుక్కుంటూ మరీ వస్తాయా అవి, అని పత్రిక పక్కన పడేసిన రోజులున్నాయి. ఇప్పుడు నేనే అలా మొదలుపెట్టాల్సి వచ్చింది. నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ఇది రాయడం పూర్తయ్యేసరికి కూడా కలగదు. నాకున్నది కోపం. ఎవరి మీద అని అడిగితే చాలామంది మీద. చివరికి చనిపోయిన ఒక మనిషి మీద కూడా.

నేను ప్రభుత్వ హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. పుట్టింది చీపురుపల్లి దగ్గర ఒక పల్లెలో. మాది బాప్టిస్టు కుటుంబం. ఇంట్లో దెయ్యం మాట ఎత్తితే అమ్మ “ప్రార్థన సేసుకుని పడుకో” అనేది. నాన్న అసలు పట్టించుకునేవాడు కాదు. ఆయన తాపీమేస్త్రి. ఆయన లోకమంతా ఇటుక, సున్నం, ఇసుక, ఆదివారం చర్చి.

గది కట్టడం పూర్తయ్యాక నాన్న ఒక పని చేసేవాడు. సామాను చేరకముందే గది మధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట్టు కొట్టేవాడు. ఆ చప్పుడు ఎంతసేపు తిరుగుతుందో తల వంచి వినేవాడు. సున్నపు గోడలు, పెంకుల కప్పు ఉన్న గదిలో అది కొట్టినచోటే అణిగిపోయేది. సిమెంటు గోడకు నున్నగా రంగు పూసి, పైన శ్లాబు, కింద టైల్సు వేసిన గదిలో నాలుగు గోడలకూ తగిలి గింగిరాలు తిరిగేది.

“గోడలకి సెవులుంటాయంటారు గదే. ఉండనీ, మంచిదే. నోరే ఉండకూడదు,” అనేవాడు.

తర్వాత నేను డిగ్రీలో చదివిన ధ్వనిశాస్త్రమంతా ఆ ఒక్క మాటలో ఉంది. సున్నంలో, మట్టిలో, పెంకులో, మందపాటి గుడ్డలో కంటికి కనిపించని సందులుంటాయి. శబ్దం వాటిలోకి దూరి, రాసుకుని, అక్కడే అలిసిపోతుంది. నున్నటి గట్టి గోడ దేన్నీ లోపలికి రానివ్వదు. వచ్చినదాన్ని వచ్చినట్టే మొహాన కొడుతుంది. నాన్న పోయినా ఆ చప్పట్టు అలవాటు మాత్రం నాకు మిగిలింది. ఏ కొత్త గదిలోకి వెళ్లినా ఒకసారి కొడతాను. చూసేవాళ్లు పిచ్చిదనుకుంటే అనుకోనీ.

నేను పనిచేసే బడి శ్రీకూర్మం దాటి సముద్రం వైపు వెళితే వచ్చే ఒక ఊళ్లో ఉంది. ఊరి పేరు రాయను. ఊరంతా చేపల వేట మీద బతికేవాళ్లే. నేను చేరినప్పుడు బడి పాత పెంకుల షెడ్డులో ఉండేది. వాన పడితే కారేది, నిజమే. కానీ వెనక బెంచీలో పిల్ల ముక్కు ఎగబీల్చినా నాకు వినిపించేది. నా మాట అందరికీ చేరేది.

ఆ షెడ్డు పాతబడిందని కూలగొట్టారు. మమ్మల్ని తుఫాను షెల్టరు పై అంతస్తులోని హాల్లోకి మార్చారు. తుఫాను వస్తే ఊరు తలదాచుకునే హాలు అది. గోడలు, కప్పు అంతా కాంక్రీటు. గాలివానకు కదలని కట్టడం. దానికి దండం పెడతాను. కానీ మామూలు రోజుల్లో బడి నడుపుకోమన్నప్పుడు, అందులో మాట్లాడేవాళ్లూ వినేవాళ్లూ ఉంటారని ఎవరికీ తట్టలేదు. అభివృద్ధి పేరు చెప్పి కింద మెరిసే టైల్సు వేశారు. గోడలకు నూనె రంగు కొట్టారు. కిటికీలకు ఇనుప షట్టర్లు. అద్దంలో మొహం చూసుకోవచ్చు, పాఠం మాత్రం వినలేము.

మొదటిరోజే మధ్యలో నిలబడి చప్పట్టు కొట్టాను. మనసులో నింపాదిగా ఒకటి నుంచి నాలుగు లెక్కపెట్టేదాకా అది చావలేదు. “కాంతి” అన్నానంటే “కాం” ఇంకా గోడలకు తగులుతుండగానే “తి” వచ్చి దాని నెత్తిన పడేది. ముందు బెంచీ పిల్లలు పెదాలు చూసి అర్థం చేసుకునేవారు. వెనకవాళ్లకు నేను చెప్పేది సముద్రపు హోరుతో సమానం.

మూడు కాగితాలు రాశాను పైకి. పుస్తకం భాషలో దాన్ని ప్రతినాదం అంటారు. ఆ మాట రాస్తే ఎవరికీ ఎక్కదని “హాల్లో ఎకో ఉంది, పిల్లలకు పాఠం వినిపించడం లేదు, గోడలకు శబ్దాన్ని పీల్చుకునే పలకలు వేయించండి” అని తేలిక మాటల్లో రాశాను. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికీ లేదు. మూడోదానికి ఫోన్ వచ్చింది. “గట్టిగా చెప్పండి మేడం, గొంతు పెంచండి” అన్నారు. గొంతు పెంచితే గోడ కూడా పెంచుతుందయ్యా అని చెప్పేలోపే పెట్టేశారు.

ఇక్కడ పైడమ్మ గురించి చెప్పాలి. పదో తరగతి పిల్ల. చిన్నప్పుడు చెవుల్లో చీము పట్టి, ఒక చెవి పూర్తిగా, రెండోది సగం పోయింది. ఎవరో పెట్టిన వైద్య శిబిరంలో చెవి మిషను ఇచ్చారు. పాత షెడ్డులో ఆ మిషను పెట్టుకుని అందరితో పాటు చదివేది. లెక్కల్లో అందరికన్నా ముందుండేది. కొత్త హాల్లోకి వచ్చిన వారానికే మిషను తీసి సంచిలో పడేసింది. ఆ మిషను నా మాటనొక్కదాన్నే పెంచదు, గోడల అరుపును కూడా పెంచుతుంది. “తలకాయలో డబ్బాలు దొర్లినట్టుంటాది మేడం,” అంది.

ఏడాది తిరిగేసరికి ఆ పిల్ల పేరు వెనకబడినవాళ్ల జాబితాలో చేరింది. మా హెడ్మాస్టరు గారికి బడి ఫలితం నూరు శాతం కావాలి. అందుకని ఈసారి తనిఖీకి వచ్చే అధికారి ఆ జాబితాలో పిల్లల్ని నోటితో ప్రశ్నలడుగుతారని, చెప్పలేనివాళ్లను బడి నుంచి తప్పించి దూరవిద్యలో పరీక్ష కట్టిస్తారని నిర్ణయించారు. దూరవిద్య అంటే ఆ ఊళ్లో అర్థం ఒకటే. మర్నాటి నుంచి రొయ్యల ప్లాంటు బండి ఎక్కి, చలిగదిలో నిలబడి రొయ్యలు ఒలుచుకోవడం. పైడమ్మ ఈడు పిల్లలు ఇద్దరు అప్పటికే ఆ బండి ఎక్కేశారు. తిరిగి ఎవరూ పుస్తకం ముట్టలేదు.

పాఠం వినపడని గది కట్టి, వినలేదని పిల్లని తరిమేస్తారట. దొంగే ‘దొంగా దొంగా’ అని అరిచినట్టు.

నేను ఊరుకోలేదు. మా ఆడపడుచుది పొందూరు. ఆమెను బతిమాలి ఖద్దరు పరదాలు తెప్పించి గోడలకు కట్టాను. అది ఉంగరంలోంచి దూరే నేత. ఒంటికి హాయే కానీ శబ్దానికి దోమతెర లెక్క, ఇటు నుంచి అటు దూరిపోయింది. కోడిగుడ్ల అట్టలు అంటించి చూశాను. అవీ అంతంతమాత్రమే. పిల్లలు మాత్రం “మేడం గుడ్ల యాపారం పెట్టినారు” అని నవ్వుకున్నారు.

దారి దొరికింది అనుకోకుండా. వేటకు వెళ్లొద్దని హెచ్చరిక వచ్చిన ఒక వారం ఊరివాళ్లు వలలన్నీ తెచ్చి హాల్లో గోడల వారన గుట్టలు పోశారు. సోమవారం వెళ్లి చూస్తే చేపల వాసన. తిట్టుకుంటూ హాజరు పిలిచాను. మూడో పేరుకే ఆగిపోయాను. నా గొంతు నా నోట్లోంచే వస్తోంది, గోడల్లోంచి కాదు. చప్పట్టు కొట్టాను. చటుక్కున చచ్చింది. పుస్తకాల్లో ఎక్కడా రాయలేదు కానీ, మడతలు మడతలుగా వేసిన వలకన్నా సందులున్న వస్తువు ఏముంటుంది?

హెచ్చరిక తీసేశాక వలలు తీసుకెళ్లిపోయారు. నేను ఇల్లిల్లూ తిరిగాను. వాడకంలో లేని పాత వలలుంటే ఇమ్మని అడిగాను. నవ్వారు, ఇచ్చారు. వాటిని పది పన్నెండు మడతలు వేసి, వెదుళ్లకు వేలాడదీసి, గోడకు జానెడు ఎడంగా కట్టాం.

పైడమ్మ నాయనమ్మ కాసులమ్మ. గంపలో చేపలు పెట్టుకుని ఊళ్లమ్మట తిరిగి అమ్ముతుంది. ఆమె కొడుకు దానయ్య, అంటే పైడమ్మ తండ్రి, మూడేళ్ల కిందట సముద్రంలో పోయాడు, శవం ఒడ్డుకు రాలేదు. ఆ రోజు వేరేవాళ్ల పడవ మీద వెళ్లడంతో అతని సొంత వల ఇంట్లో ఉండిపోయింది. వాళ్ల తాత నాటి నూలు వల. దానయ్య ఎక్కడికక్కడ నైలాన్ దారంతో అతుకులు వేసుకుని వాడుకునేవాడట. కాసులమ్మ దాన్ని ఎవరికీ అమ్మలేదు, సముద్రంలో వేయనివ్వలేదు. నేను అడగలేదు కూడా. తనే నెత్తిన పెట్టుకుని మెట్లెక్కి తెచ్చింది.

“ఆడి మట్టి కూడా దొరకలేదు టీచరమ్మా. ఇదే ఉన్నాది. ఇంట్లో ఊరికే పడుండే బదులు పైడమ్మ గుంట ఎనకాల ఉండనీ,” అంది.

అన్నిట్లోకీ మందంగా ఉన్న వల అదే. పైడమ్మ కూర్చునే వెనక ఎడమ మూలలో కట్టాం. అప్పుడు నా ఫోన్లో చప్పట్టు రికార్డు చేసి దాచుకున్నాను. ఆ రికార్డింగు తెరిచి చూస్తే ఒక గీత లేచి, వెంటనే పడిపోతుంది. వలలు కట్టకముందు చేసినదానికి బారెడు తోక ఉంటుంది. దీనికి తోక లేదు. పైడమ్మ సంచిలోంచి మిషను తీసి పెట్టుకుంది. రెండు నెలల్లో పోయిన పాఠాలన్నీ పట్టేసింది.

తనిఖీకి మూడు రోజుల ముందు హెడ్మాస్టరు గారు హాల్లోకి వచ్చి మొహం చిట్లించారు.

“ఇదేటి మేడం, ఇది బడా, సేపల రేవా? సారొచ్చి సూస్తే నా ఉద్యోగం ఉంటాదా?”

నేను చెప్పాను. చప్పట్టు కొట్టి చూపించాను. ఫోన్లో తోకలు చూపించాను. తల ఊపారు. మర్నాడు నాకు వేరేచోట శిక్షణ ఉంది. నేను అటు వెళ్లగానే పట్నం నుంచి రంగులవాళ్లను పిలిపించి, వలలన్నీ విప్పించి, గోడలకు మళ్లీ నూనె రంగు కొట్టించారు. వెనకబడిన పిల్లలకు గోడలు మెరవాలి కాబోలు.

ఆ మర్నాడు, అంటే తనిఖీకి ముందురోజు, సాయంత్రం నాలుగింటికి నేను తిరిగొచ్చి చూస్తే వలలు మెట్ల కింద కుప్పగా ఉన్నాయి. దానయ్యది లేదు. రంగులవాళ్లు అట్టలూ గుడ్డపీలికలూ తగలబెట్టుకుంటూ, చిరిగిందనుకుని దాన్ని కూడా మంటలో వేశారట. సముద్రం ఒడ్డున పుట్టినవాడెవడూ వలను కాల్చడు. చిరిగితే కుడతాడు. వాళ్లకేం తెలుసు, పట్నంవాళ్లు. తెలిసిన హెడ్మాస్టరు మాత్రం పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడట.

నేను ఇంకా అక్కడ నిలబడి ఉండగానే కాసులమ్మ వచ్చింది. బూడిద దగ్గర కూర్చుంది. ఏడవలేదు. వల అంచుకు కట్టే సీసపు గుళ్లు కొన్ని కరగకుండా మిగిలితే, ఒక్కొక్కటే ఏరి పైటచెంగులో మూట కట్టుకుంది.

“నీకిచ్చినాను టీచరమ్మా. ఆల్లకి కాదు,” అంది. అంతే. లేచి వెళ్లిపోయింది.

నన్ను కొట్టినా బాగుండేది.

తనిఖీ రోజు జరిగింది ఇప్పుడు వరసగా రాస్తాను. ఇక్కడ ఒక్క ముక్క కూడా కలిపి రాయను.

పొద్దున్న బడి తెరవకముందే ఖాళీ హాల్లో చప్పట్టు కొట్టి రికార్డు చేశాను. తోక బారెడు. పిల్లలు ముప్ఫై ఎనిమిది మంది వచ్చి కూర్చున్నాక మళ్లీ కొట్టాను. మనిషి ఒళ్లు, బట్టలు కూడా కొంత శబ్దాన్ని పీలుస్తాయి కాబట్టి తోక కాస్త తగ్గింది. కానీ ఉంది. పైడమ్మ మిషను పెట్టుకుని, మొహం గంటు పెట్టుకుని కూర్చుంది. నేను ఫోన్లో రికార్డింగు ఆన్ చేసి బల్ల మీద బోర్లా పెట్టాను. అధికారి గొంతు ఆ హాల్లో ఎలా మోగుతుందో ఆయనకే వినిపిద్దామని నా ఆలోచన.

పదకొండింటికి ఆయన వచ్చారు. “గుడ్ మార్నింగ్ చిల్డ్రన్” అన్నారు. అది నాలుగు గోడలూ తిరిగొచ్చింది. లోపల సంతోషించాను. జాబితా తీసి ఇద్దరు పిల్లల్ని అడిగారు. వాళ్లు “ఏటి సార్? ఏటి సార్?” అంటూ నిలబడ్డారు. ఆయన జాబితాలో వాళ్ల పేర్ల పక్కన టిక్కులు పెట్టుకున్నారు.

తర్వాత పైడమ్మ పేరు పిలిచారు. ఆ పిల్ల వెనక మూలలో లేచి నిలబడింది. హెడ్మాస్టరు గారు ఆయన చెవి దగ్గరకు వంగి, “పెదాలు సూసి సెప్పెస్తాది సార్” అన్నారు. దాంతో ఆయన పిల్లకు వీపు పెట్టి, నల్లబల్ల వైపు తిరిగారు. గొంతు తగ్గించారు. కావాలనే తగ్గించారు.

సరిగ్గా అప్పుడు హాలు మారింది.

ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఇంట్లో మిక్సీ తిరుగుతున్నంతసేపూ దాని రొద మనకు అలవాటైపోతుంది. ఎవరైనా టక్కున ఆపితే, ఇంతసేపూ ఇంత రొదలో ఉన్నామా అనిపిస్తుంది. అలా అయింది. ఫ్యాన్ల హోరు తగ్గింది. షట్టర్ల సందుల్లోంచి రోజంతా వచ్చే సముద్రపు మోత దూరం జరిగింది. ఎవరో పిల్లాడు కాలు కదిపితే చెప్పు టైలుకు రాసుకున్న చప్పుడు అక్కడికక్కడే వినిపించి ఆగిపోయింది. నాకు తెలిసిన చప్పుడది. రెండు నెలలు పాఠం చెప్పిన హాలు అది. వలలున్న హాలు.

తల తిప్పి చూశాను. గోడలు బోసిగా మెరుస్తున్నాయి.

“కుంభాకార కటకం నాభి దగ్గర వస్తువును పెడితే ప్రతిబింబం ఎక్కడ ఏర్పడుతుంది?” అన్నారాయన, బల్లకు చెబుతున్నట్టు.

“అనంత దూరంలో ఏర్పడతాది సార్,” అంది పైడమ్మ.

ఆ గొంతు గదిలో ఎక్కడా తిరగలేదు. నా పక్కన నిలబడి చెప్పినట్టుంది. ఆయన ఇంకోటి అడిగారు, చెప్పింది. ఇంకా గొంతు తగ్గించి నాలుగు అడిగారు. నాలుగూ చెప్పింది. చివరిదానికి పటం గీసి చూపించమంటారా అని తనే ఎదురు అడిగింది. పిల్లలు నోళ్లు తెరిచి చూస్తున్నారు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఆయన జాబితాలో ఆ పిల్ల పేరు కొట్టేసి, “ఈ అమ్మాయికేం? రెగ్యులర్‌గానే రాయనివ్వండి” అన్నారు.

అక్కడితో అయిపోతే నేనిది రాసేదాన్ని కాదు. దేవుడి దయ అనుకుని ఊరుకునేదాన్ని. ఆయన నా వైపు తిరిగారు.

“ఈ హాల్లో ఎకో ఉందని మూడు లెటర్లు పెట్టింది మీరే కదా? ఎక్కడుందమ్మా ఎకో?”

అని ఆయనే చప్పట్టు కొట్టారు. తడి మట్టి మీద అరచేత్తో కొట్టినట్టు, టప్పుమని అక్కడే పోయింది. హెడ్మాస్టరు గారు కూడా కొట్టారు. అంతే. నేను కొట్టాను. అంతే. నాన్న సున్నం పూసిన గదుల్లో కూడా అంత పొడి చప్పుడు వినలేదు నేను. “పొద్దున్న ఉంది సార్, ఇందాక మీ గొంతే మోగింది సార్” అన్నాను. అది నా చెవికే అబద్ధంలా వినిపించింది. ఆయన నవ్వి, ప్రభుత్వ సమయం వృథా చేసినందుకు సంజాయిషీ అడుగుతానని చెప్పి వెళ్లిపోయారు.

పన్నెండున్నరకు భోజనాల గంట కొట్టారు. పిల్లలు పళ్లేలు తీశారు. ముప్ఫై ఎనిమిది పళ్లేల మోత నాలుగు గోడల మధ్యా పడి తలకాయ పగిలేలా తిరిగింది. చప్పట్టు కొట్టాను. నాలుగు లెక్కపెట్టాను. హాలు ఎప్పటిలాగే ఉంది.

పైడమ్మను పక్కకు పిలిచి, ఎలా వినిపించిందే అని అడిగాను.

“మీరు వలలు మళ్లీ కట్టీసినారు గదా మేడం,” అంది.

“ఎవరు కట్టారు? వెనక్కి తిరిగి చూశావా?”

“లేదు మేడం. సారు అడుగుతన్నారు గదా, భయమేసింది. లేచినప్పుడు ఈపుకి తగిలింది. మెత్తగా ఉన్నాది. సరే, కట్టీసినారు అనుకున్నాను.”

అప్పుడు వెనక్కి తిరిగి ఆ మూల చూసింది. భోజనానికి వెళ్లిపోయింది.

ఆ రికార్డింగు ఇప్పటికీ నా దగ్గరుంది. విజయనగరంలో కాలేజీ లెక్చరరుగా ఉన్న మా పెద్దమ్మ కొడుక్కి వినిపించాను. వాడూ భౌతికశాస్త్రమే. మొదట మోగే గొంతు, తర్వాత పొడి గొంతు, రెండూ ఒకే ఫోన్లో, ఒకేచోట, పావుగంట తేడాతో. ఫోన్లు వాటంతట అవే రొదను తగ్గిస్తాయక్కా అన్నాడు. సరే, నా చెవులకు ఎవరు తగ్గించారు? షట్టర్లు తెరిచి ఉంటారన్నాడు. ఎవరూ ముట్టుకోలేదు. గాలిలో తేమ అన్నాడు. ఒక్క నిమిషంలో వచ్చి గంటలో పోయే తేమా? రంగు పచ్చిగా ఉందేమో అన్నాడు. పచ్చి రంగు శబ్దాన్ని పీలిస్తే దేశంలో ఇళ్లన్నీ ప్రశాంతంగా ఉండేవి. చివరికి “నీ భ్రమక్కా” అన్నాడు. నాది భ్రమ అనుకుందాం, ఆ అధికారి చప్పట్టు కూడా నా భ్రమేనా? నా ఉద్యోగం మీదికొచ్చిన కాగితం భ్రమా?

శబ్దం ఊరికే మాయం కాదు. దాన్ని పీల్చుకునే పదార్థం ఏదో ఒకటి గదిలో ఉండి తీరాలి. ఇది నేను ఏటేటా పిల్లలకు చెప్పే పాఠం. ఆ రోజు ఆ గదిలో ఆ పదార్థం లేదు. కొంత మెట్ల కింద కుప్పై, కొంత బూడిదై బయట ఉంది.

వారంలో సంజాయిషీ కాగితం వచ్చింది. లేని ఎకో ఉందని మూడుసార్లు ఎందుకు ఫిర్యాదు చేశారో రాతపూర్వకంగా తెలపాలట, కింద ‘కారణం’ అని ఖాళీ కూడా వదిలారు. నేను నాలుగు పేజీలు రాశాను, రికార్డింగులతో సహా పంపుదామని. హెడ్మాస్టరు గారు చదివి, తలుపు దగ్గరకు వేసి, మొదటిసారి నెమ్మదిగా మాట్లాడారు.

“మేడం, ఎకో ఉన్నాదని మీరు రాస్తే, మరి ఆ గుంట ఎలగ ఇన్నాదని అడుగుతారు. ముందే సెప్పి ఉంచినారంటారు. మళ్లీ వొస్తారు, మళ్లీ అడుగుతారు. ఆ రోజులాగ మళ్లీ అవుతాదని మీరు రాసివ్వగలరా?”

రాసివ్వలేను. ఉన్నది ఉన్నట్టు రాస్తే పైడమ్మ రొయ్యల బండి ఎక్కుతుంది. నాలుగు పేజీలూ చింపేశాను. “హాల్లో ఎకో లేదు. నేనే పొరపాటు పడ్డాను” అని రాసి సంతకం పెట్టాను. కారణం అని ఉన్నచోట ఏమీ రాయకుండా వదిలేశాను. సైన్సు చెప్పుకుని బతికేదాన్ని, నా చేత్తో నేను రాసిన పచ్చి అబద్ధం అది. ఆ కాగితం ఉన్నంతకాలం ఆ గోడలకు పలకలు అడిగే హక్కు నాకు లేదు.

ఆ కోపంలోనే కాసులమ్మ దగ్గరకు వెళ్లాను. ఆమె చేపల గంప కడుగుతోంది. జరిగిందంతా చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. అది చూసి నాకు ఇంకా ఒళ్లు మండింది. నమ్మకం లేదు లేదంటూనే, నోరు జారి అనేశాను. “వచ్చినవాడు ఆ ఒక్క గంటకే ఎందుకు రావాలమ్మా? మిగతా ఇద్దరు పిల్లల్ని ఏం చేద్దామని? పరీక్షలు ఇంకా మూడు నెలలున్నాయి. కూతురు రోజూ వినొద్దా? నన్ను అబద్ధాలకోరును చేసి పోయాడు!”

కాసులమ్మ గంప బోర్లించి, చేతులు తుడుచుకుంది.

“ఆడెప్పుడూ అంతే టీచరమ్మా. సేపల ఏట నుంచొచ్చి ఒక్కపూట ఉండీవోడు. ఆ పూటలోనే గుంటకి జడేసి, సిరిగిందేదో కుట్టీసి ఎల్లిపోయీవోడు. రోజూ ఉండీదానికి నువ్వున్నావు గదా.”

ఆ మాటతో కోపం తగ్గిందనుకునేరు. తగ్గలేదు. అది ఓదార్పు కాదు, పని అప్పజెప్పడం.

మర్నాడు బడికి వెళ్లేసరికి ఊరి ఆడవాళ్లు పదిమంది వలలు మోసుకుని మెట్లెక్కుతున్నారు, ముందు కాసులమ్మ. హెడ్మాస్టరు గారు చూసి, చూడనట్టు ఆఫీసు గదిలోకి వెళ్లిపోయారు. మళ్లీ తనిఖీ వచ్చేది వచ్చే ఏడాదే కదా. తనిఖీలో జవాబు చెప్పలేక పేర్లు పోగొట్టుకున్న ఆ ఇద్దరు పిల్లల్నీ నేనే ఇళ్లకు వెళ్లి పిలుచుకొచ్చి వెనక కూర్చోబెట్టాను. పేర్లు బడిలో లేకపోయినా చెవులున్నాయి కదా వాళ్లకు.

పైడమ్మ పది పాసైంది. ఇప్పుడు శ్రీకాకుళంలో ఇంటర్ చదువుతోంది.

వెనక ఎడమ మూలలో మాత్రం వల కట్టొద్దని కాసులమ్మ చెప్పింది. ఆ వెదురుకు సీసపు గుళ్ల మూట ఒక్కటే వేలాడదీసింది. శాస్త్రం ప్రకారం బోసిగా ఉన్న ఆ మూల నుంచి చప్పుడు కొంచెమైనా తిరిగి రావాలి. రోజూ పొద్దున్నే బడి తెరిచి, ఆ మూల ముందు నిలబడి, నాన్నలాగే తల వంచి ఒక్క చప్పట్టు కొడతాను. వస్తుంది. రోజూ వస్తుంది. ఆ ఒక్కపూట ఎందుకు రాలేదో నాకు తెలియదు. కారణం అని ఉన్నచోట ఏం రాయాలో ఇప్పటికీ తెలియదు.